ఆ పాటలో లేని పేరు

శుక్రవారం, రాత్రి పదిన్నర. షార్లట్.

పొద్దున్నుంచీ ముసురు. అమ్మాయికి బడిలో బృందగానం కోసం ఇక్కడి పాత జానపదం ఒకటి ఇచ్చారు. మూడు రోజులుగా ఇల్లంతా అదే. గిన్నెలు తోముతూ నేనూ కూనిరాగం తీస్తున్నాను. తల వంచుకుని ఏడవమని, పాపం నీకిక చావు తప్పదని టామ్ డూలీని ఓదార్చే పల్లవి. 1958లో కింగ్‌స్టన్ ట్రియో పాడితే అమెరికాలో మొదటి స్థానానికి చేరిన పాట ఇది.

సాయంత్రం తను పాట కాగితం భోజనాల బల్ల మీద పరచుకుని, ఊపిరి తీసుకోవలసిన చోటల్లా పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుంటోంది. ఉన్నట్టుండి తలెత్తి, "అమ్మా, ఇతను చంపింది ఎవరిని?" అంది. చేతులు తుడుచుకుని కాగితమంతా చదివాను. కొండ మీద కలిశాడు, కత్తితో పొడిచాడు. 'ఆమె' అని మాత్రమే ఉంది.

ఆమె లారా ఫాస్టర్. మా నార్త్ కరోలినా కొండసీమ పిల్లే. 1866 మే నెలలో ఒక ఉదయం తండ్రి గుర్రమెక్కి వెళ్లింది, తిరిగి రాలేదు. శవం దొరకడానికి కొన్ని నెలలు పట్టింది. టామ్ డ్యూలా, అక్కడి యాసలో డూలీ, అంతర్యుద్ధంలో పోరాడి వచ్చినవాడు. అతని తరఫున వాదించింది మాజీ గవర్నరు జెబ్యులన్ వాన్స్. రెండుసార్లు విచారణ జరిపి 1868 మే 1న స్టేట్స్‌విల్‌లో ఉరి తీశారు. ఆఫీసు పని మీద ఎన్నిసార్లు ఆ ఊరి మీదుగా వెళ్లానో!

అసలు చంపింది టామ్ ప్రియురాలు ఆన్ మెల్టన్ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆమె నిర్దోషిగా బయటపడింది. కాబట్టి టామ్ మీద జాలిపడటాన్ని నేను తప్పుపట్టను. ఉరికంబం ముందు నిలబడ్డవాడి కోసం ఎవరైనా కన్నీరు పెడతారు. అయితే అంత జాలిలో ఆ పిల్లకు పేరైనా దక్కలేదే! మా అమ్మమ్మ దంపుడు దగ్గర పాడే కథల్లో, చనిపోయిన ఆడపిల్ల పేరే పాట పేరు. ఆ పేరు పలికేటప్పుడు అమ్మమ్మ గొంతు వణికేది.

అమ్మాయికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆమె సమాధి ఉందా?" అని అడిగింది. ఉంది, యాడ్కిన్ నది లోయలో. రేపు వాన తెరిపిస్తే వెళ్దామన్నాను. పులిహోరకు చింతపండు నానబెట్టి వచ్చాను.