సాక్సుల ప్రశ్న దగ్గర ఆగిన ఫారం (నా అనుభవం)

మోకాళ్ల అరుగుదల మీద గుంటూరులో చేసిన అధ్యయనానికి కూస్ (KOOS, మోకాలి బాధ గురించి రోగే జవాబిచ్చే ఫారం) ప్రశ్నావళి తెలుగు ప్రతిని సరిచూసే పని మా మీద పడింది. మొత్తం 42 ప్రశ్నలు. నొప్పికి 9, లక్షణాలకు 7, రోజువారీ పనులకు 17, ఆటలకు 5, జీవన నాణ్యతకు 4. ఒక్కో జవాబుకు 0 నుంచి 4. ఒక భాగం సగటును 4తో భాగించి, 100తో గుణించి, వచ్చినదాన్ని 100లోంచి తీసేయాలి. 100 వస్తే మోకాలికి ఏ బాధా లేనట్టు.

పద్ధతి కొత్తదేం కాదు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు, రెండూ కలిపి ఒకటి చేస్తాం, అసలు ఫారం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషు చేస్తారు. ఆ తర్వాత రోగుల ముందు పెట్టాలి. ఇలాంటి ఫారాల అనువాదం మీద ఇస్పార్ (ISPOR) అనే అంతర్జాతీయ సంస్థ 2005లో ఇచ్చిన సూత్రాలు ఇందుకు అయిదు నుంచి ఎనిమిది మంది చాలంటాయి. మేం ఎనిమిది మందిని కూర్చోబెట్టాం.

చిక్కు ప్రశ్నల్లో కాదు, జవాబుల్లో వచ్చింది. 'తీవ్రంగా', 'అతి తీవ్రంగా' మా చెవికి వేరుగానే వినిపించాయి. రోగులకు రెండూ ఒకటే. 0 నుంచి 4 దాకా ఉన్న జవాబుల అయిదు మాటలూ అయిదు చీటీల మీద రాసి, తక్కువ నుంచి ఎక్కువకు పేర్చమన్నాం. 'మధ్యస్థంగా' అన్న చీటీ ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నారు. 'అస్సలు లేదు, కొంచెం, ఒక మోస్తరు, ఎక్కువ, భరించలేనంత' అని మార్చాక వరస కుదిరింది.

ఇక సాక్సులు. వేసుకోవడానికొక ప్రశ్న, తీయడానికొకటి. "సాక్సులెవరేసుకుంటారమ్మా, చెప్పులే బరువైపోతన్నయ్" అందొకావిడ. అక్కడ 'చెప్పులు' అని మార్చేయాలని చెయ్యి లాగుతుంది. మార్చకూడదు. సాక్సుకు మోకాలు బాగా ముడవాలి, చెప్పుకు అక్కర్లేదు. మారిస్తే కొలిచేదే మారిపోతుంది. రోగి మాట ఉన్నదున్నట్టు రాసి ప్రశ్నావళి హక్కుదారులకు పంపడమే దారి.

ఖాళీల సంగతి వేరే. ఏ భాగంలోనైనా సగం ప్రశ్నలకు జవాబుంటేనే స్కోరు వేయాలి. రోజువారీ పనుల్లో సాక్సులవి రెండూ వదిలేసినా 15 మిగులుతాయి, ఇబ్బంది లేదు. ఆటల భాగం అలా కాదు. గొంతుక్కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం చెప్తారు. పరుగు, దూకడం, మోకాలు మెలి తిప్పడం వదిలేస్తారు. అయిదులో రెండే మిగిలి ఆ భాగం పోతుంది. ఎక్సెల్‌లో ఖాళీ గడిని 0గా కొట్టేస్తే ఇంకా ప్రమాదం: ఇక్కడ 0 అంటే 'కష్టమే లేదు'. కుంటుతూ వచ్చిన మనిషికి స్కోరు పెరిగి కూర్చుంటుంది. ఖాళీకి వేరే గుర్తు పెట్టించాం.

చదువు రానివాళ్లకు ప్రశ్న ఉన్నదున్నట్టు చదివి వినిపించాం, అర్థం చెప్పలేదు. మొదటిసారి చదివి వినిపిస్తే, మూడు నెలల తర్వాత మళ్లీ నింపించేటప్పుడూ అలాగే. డాక్టరు గదిలోకి వెళ్లకముందే ఫారం పూర్తి కావాలి. వెంట వచ్చిన కొడుకో కోడలో జవాబు అందిస్తుంటే వాళ్ల కుర్చీ బయట వేయించాల్సొచ్చింది.