నిద్ర లెక్కలు చెప్పుకునే ఆదివారాలు

తొమ్మిదేళ్ళ క్రితం మా పిన్ని కూతురి పెళ్ళిలో నేను వరుసగా మూడు రాత్రులు నిద్రపోలేదు. ముహూర్తం తెల్లవారుజామున కావడంతో ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా పడుకోలేదు కనుక నా సంగతి ఎవరి కంటా పడలేదు. అప్పగింతలు ముగిశాక అందరూ ఎక్కడివాళ్ళక్కడ సోలిపోయి పడుకుంటే, నేను మాత్రం డాబా మీద కూర్చుని ఒక కోచింగ్ సెంటరు పెట్టడానికి లెక్కలు వేస్తున్నాను. వారం తిరగకముందే దాచుకున్న డబ్బులో రెండు లక్షల ఎనభై వేల రూపాయలు ఒక భవనానికి అడ్వాన్సుగా ఇచ్చేశాను. అర్ధరాత్రి పూట తోటి లెక్చరర్లకు ఫోన్లు చేసి ఉద్యోగాలు మానేసి నాతో రమ్మన్నాను. ఇంట్లోవాళ్ళు ముందు దిష్టి తీశారు, తర్వాత తాయెత్తు కట్టించారు, చివరికి మా బాబాయి పట్టుబట్టి ఆయన మాటల్లో ‘నరాల డాక్టరు’ దగ్గరికి తీసుకెళ్ళారు. బైపోలార్ డిజార్డర్ అన్న మాట, అంటే హుషారు హద్దు దాటే రోజులూ దిగులు కుంగదీసే రోజులూ మారిమారి వచ్చే జబ్బు పేరు, నేను మొదటిసారి విన్నది ఆ గదిలోనే. ఆరు నెలల తర్వాత, మంచం దిగి పళ్ళు తోముకోవడం కూడా కొండ ఎక్కినట్టుగా తోచిన రోజుల్లో, ఆ మాటలోని రెండో సగం నాకు అర్థమైంది.

డాక్టరు మంచివారే. ఈ జబ్బుకు ఇచ్చే లిథియం అనే మందు ఎందుకు వాడాలో, రక్తపరీక్షలు ఎందుకు చేయించుకోవాలో, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు ఎందుకు చూస్తారో ఓపికగా చెప్పారు. అయితే ఓపీలో ఒక్కొక్కరికి దొరికే ఆ పది నిమిషాల్లో అడగడానికి వీలుకాని ప్రశ్నలే నన్ను ఎక్కువగా వేధించాయి. అర్ధరాత్రి ఫోన్లు చేసిన మనుషుల ముఖం మళ్ళీ స్టాఫ్ రూములో ఎలా చూడాలి? పెళ్ళి సంబంధం వస్తే ఈ సంగతి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? నిజంగానే సంతోషంగా ఉన్న రోజున అమ్మ అనుమానంగా చూస్తే ఏమని సమాధానం చెప్పాలి? వీటికి జవాబు మందు రాసేవారి దగ్గర కాక, మందు వేసుకునేవారి దగ్గర ఉంటుందని నాకు అప్పుడే అనిపించింది. అయితే వారు ఎక్కడ ఉంటారో మాత్రం తెలియలేదు.

మన దగ్గర ఈ వెతుకులాట మాట దగ్గరే చిక్కుపడుతుంది. ‘ఎర్రగడ్డలో చేర్పించాలి’ అని నవ్వుతూ తిట్టుకునే భాష మనది. హైదరాబాదులోని ఒక పేట పేరు, అక్కడ ఒక మానసిక వైద్యశాల ఉన్నందుకు, గుంటూరు జిల్లా పల్లెలో కూడా తిట్టుగా చెలామణి అవుతుంది. అలాంటి చోట ‘నాకు ఫలానా జబ్బు ఉంది, ఇదే జబ్బు ఉన్నవారితో కూర్చుని మాట్లాడాలి’ అని నోరు తెరిచి అడగడం ఎంత కష్టమో వేరే చెప్పనవసరం లేదు. నేను అడగలేదు. ఫోనులో వెతికాను.

మొదట దొరికినవి ఇంగ్లీషులో జరిగే ఆన్‌లైన్ సమావేశాలు. దేశంలో ఈ జబ్బు ఉన్నవారే నడుపుకునే బైపోలార్ ఇండియా వంటి సంఘాలు ఉన్నాయి, వాటి వల్ల మేలు పొందినవారు నాకు తెలుసు. నేను చేరిన సమావేశంలోనూ మనుషులు మర్యాదస్తులే, విషయం తెలిసినవారే. అయినా నా వంతు వచ్చినప్పుడు రెండు వాక్యాలకు మించి మాట్లాడలేకపోయేదాన్ని. ఇంగ్లీషు రాక కాదు, నేను పాఠం చెప్పేదే ఇంగ్లీషులో. కానీ నా దిగులు ఇంగ్లీషులో లేదు. ‘ఏమీ తోచడం లేదు’, ‘గుండెలో ఏదో గుబులు’, ‘ఒంట్లో ప్రాణం లేనట్టుంది’ అని అమ్మతో చెప్పుకునే మాటలను అక్కడ ‘లో’ (low) అనే ఒక్క ఇంగ్లీషు ముక్కగా కుదించవలసి వచ్చేది. పక్కన కూర్చున్న మా అమ్మకైతే ఆ గంటసేపూ ఒక్క ముక్క అర్థం కాలేదు, నిజానికి నాకంటే ఎక్కువగా ఆ మాటలు వినవలసిన మనిషి ఆమే.

తర్వాత తెలుగులో ఒక వాట్సాప్ గ్రూపు దొరికింది. రెండు వందల మందికి పైగా ఉన్నారు. మొదటి వారం అంతా నేను ఏడుస్తూ చదివాను, ఇన్నాళ్ళకు నా మాటే వేరే వాళ్ళ నోట వింటున్నానని. రెండో వారం నుంచి ‘మందులు వాడితే అలవాటైపోతాయి, మెదడు మొద్దుబారుతుంది’ అనే సందేశాలు మొదలయ్యాయి, మూడో వారానికి నెలకు నాలుగు వేల రూపాయల ఒక చూర్ణం ప్రకటన వచ్చింది. అప్పుడు తెలిసింది, గ్రూపు నడిపే పెద్దమనిషికి, ఆ చూర్ణం అమ్మే దుకాణానికి సంబంధం ఉందని. ఒక తమ్ముడు దాన్ని నమ్మి లిథియం ఒక్కసారిగా ఆపేశాడు. లిథియం హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని ప్రతి సైకియాట్రిస్టూ చెబుతారు. ఆ తమ్ముడు రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను ఆ గ్రూపులోంచి బయటికి వచ్చాను, వచ్చే ముందు అందరికీ ఒక పెద్ద సందేశం పెట్టాను, దాన్ని నిమిషంలో తొలగించారు. అప్పటి నుంచి ఏ బృందం గురించి ఎవరు అడిగినా నేను ముందు ఒకటే అడుగుతాను: ఇది నడవడం వల్ల ఎవరికి డబ్బు వస్తుంది?

మాట్లాడుకుంటే చాలు, మనసు తేలికపడి జబ్బు దానంతటదే సర్దుకుంటుంది అనేవారితోనూ నాకు పేచీ ఉంది. బార్సిలోనా పరిశోధకులు 2003లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి మంచి జవాబు. జబ్బు అదుపులో ఉండి మందులు వాడుతున్న 120 మందిని వారు రెండు భాగాలు చేశారు. ఒక భాగం వారికి 21 సమావేశాలలో జబ్బు లక్షణాలు, మందులు, నిద్రవేళలు, తిరగబెట్టబోయే ముందు కనిపించే గుర్తులు వరుసగా పాఠాల్లా బోధించారు. రెండో భాగం వారు కూడా అలాగే బృందంగా కూర్చున్నారు కానీ ఒక క్రమం లేకుండా మాట్లాడుకున్నారు. రెండేళ్ళు గడిచేసరికి ఊరికే మాట్లాడుకున్నవారిలో 92 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, పాఠాలు విన్నవారిలో 67 శాతం మందికి. అరవై ఏడు కూడా చిన్న అంకె కాదు, నాకు అది చదివినప్పుడు కొంత నిరుత్సాహమే కలిగింది. కానీ రెండు అంకెల మధ్య ఉన్న తేడా మందు మార్చినందువల్ల వచ్చింది కాదు, నేర్చుకున్నందువల్ల వచ్చింది.

మా బృందం దొరికింది ఇంటర్నెట్‌లో కాదు, రక్తపరీక్షల ల్యాబు బెంచీ మీద. లిథియం ఎంత ఉందో చూడటానికి రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటల తర్వాత, ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం తీయాలి. అందువల్ల మా ఊళ్ళో ఆ మందు వాడేవారు చాలామంది ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్యనే ల్యాబుకు వస్తారు. అక్కడ మూడుసార్లు ఎదురుపడిన ఒక రిటైర్డ్ మాస్టారు నాలుగోసారి నా చేతిలోని చీటీ చూసి, గొంతు తగ్గించి, ‘ఏమ్మా, నీకూ ఇదేనా?’ అని అడిగారు. ఆయనకు ఇరవై రెండేళ్ళుగా ఉందట. ఆయన ద్వారా ఒక బట్టల కొట్టు యజమాని, ఆ కొట్టాయన భార్య ద్వారా మరో అక్క, డాక్టరు గారి అనుమతితో ఓపీ నర్సు చెప్పి పంపిన ఇద్దరు విద్యార్థులు – అలా ఆరుగురం అయ్యాము. నాలుగేళ్ళుగా నెలకు రెండు ఆదివారాలు మాస్టారి ఇంటి వరండాలో కూర్చుంటున్నాము.

కూర్చున్న వెంటనే అందరం గత రెండు వారాల నిద్ర గంటలు చదువుతాము. ఇది మాస్టారు పెట్టిన అలవాటు. ఆయన దగ్గర 2009 నుంచి నిద్ర లెక్కలు రాసిన డైరీలు ఉన్నాయి. ‘మూడు గంటలే పడుకున్నాను, అయినా ఎంత హుషారుగా ఉందో’ అని ఎవరైనా అంటే బయటివారు అభినందిస్తారు, మా వరండాలో మాత్రం అది జబ్బు తిరగబెట్టే గుర్తు కావచ్చని ఐదుగురమూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటాము. ఆ తర్వాత మాటలన్నీ మన బతుకుల్లోంచి వచ్చేవే: శివరాత్రి జాగారం చేయాలా వద్దా, అత్తగారికి ఏమని చెప్పి తప్పించుకోవాలి, రాత్రి ముహూర్తం పెళ్ళికి వెళితే ఎన్నింటికి లేచి రావాలి, అమెరికా ప్రాజెక్టు కోసం రాత్రి షిఫ్టు చేస్తున్న కుర్రాడు మేనేజరుతో ఏమని మాట్లాడాలి. మే నెలలో లిథియం వాడేవారికి చెమట ఎక్కువ పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు పెరిగి ప్రమాదం కావచ్చునని, మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని నొప్పి మాత్రలు కూడా అలాగే చేస్తాయని, బీపీ కోసమని ఉన్నట్టుండి ఉప్పు మానేయకూడదని నేను నేర్చుకున్నది ఆ వరండాలోనే. అయితే విన్న ప్రతిదాన్నీ మా డాక్టరు దగ్గర సరిచూసుకున్నాను. ఒకరి మందు, మోతాదు గురించి మరొకరు సలహా ఇవ్వకూడదన్నది మా మొదటి నియమం. ఇక్కడి మాట గేటు దాటకూడదన్నది రెండోది.

మూడో నియమం మాకు దెబ్బ తిన్నాక వచ్చింది. రెండేళ్ళ క్రితం మాలో ఒకరు ఒక రాత్రి రెండింటి నుంచి తెల్లవారేలోపు మా గ్రూపులో డెబ్బైకి పైగా సందేశాలు పెట్టారు, అన్నీ ప్రేమగా, గొప్ప గొప్ప ఆలోచనలతో. పొద్దున చూసిన మాకందరికీ విషయం అర్థమైంది కానీ ఎవరికి ఫోన్ చేయాలో తెలియలేదు, ఎందుకంటే గోప్యత పేరుతో ఎవరి ఇంటి నెంబరూ ఎవరి దగ్గరా లేదు. నాలుగు రోజులు ఆలస్యమైంది. అప్పటి నుంచి ప్రతి ఒక్కరూ బాగున్నప్పుడే ఒక కాగితం రాసి ఇస్తారు: నాలో ఫలానా గుర్తులు కనిపిస్తే ఫలానా వ్యక్తికి చెప్పండి అని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, తనకు ఎలాంటి వైద్యం కావాలో వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కును, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కును మనకు ఇచ్చింది. మా కాగితం ఆ చట్టం ప్రకారం చేసినది కాదు, ఇరుగుపొరుగు ఒప్పందం లాంటిది. అసలైన పత్రం కూడా మాలో ఇద్దరు రాసిపెట్టుకున్నారు.

వెతుకుతున్నవారికి నేను చెప్పగలిగినది తక్కువే. మీ డాక్టరునో, ఓపీ నర్సునో అడగండి. మీ వివరాలు వారు ఇతరులకు ఇవ్వరు కానీ మీరు రాసిచ్చిన చీటీని మరొకరికి అందించగలరు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో మొదలైన నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో ఆ విభాగం ఎక్కడ ఉందో అడిగి వెళ్ళవచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నెంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు, రోజుల తరబడి నిద్రలేనివారు బృందం కోసం ఎదురుచూడకుండా ఇంట్లోవారికి చెప్పి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. అలాంటి సమయంలో మా వరండా ఎందుకూ పనికిరాదు. అమెరికాలో ఉన్న మా మరిది వరసవాడు అక్కడి డిప్రెషన్ అండ్ బైపోలార్ సపోర్ట్ అలయన్స్ సమావేశాలకు వెళుతున్నాడు. అవి ఉచితమని, నడిపేవారు కూడా జబ్బు ఉన్నవారేనని చెప్పాడు, కాకపోతే అత్తగారి జాగారం సంగతి అక్కడ వివరించడానికి పావుగంట పట్టిందట.

అమ్మ కోసం వేరే ఏర్పాటు చేయవలసి వచ్చింది. కన్నవారు, కట్టుకున్నవారు మా ముందు కూర్చుంటే నోరు విప్పరు, మేమూ విప్పము. అందుకని వారు వంటింట్లో కూర్చుంటారు, మేము వరండాలో. లోపలి నుంచి ఒక్కోసారి ఏడుపు వినిపిస్తుంది, ఎక్కువసార్లు నవ్వులే వినిపిస్తాయి. ఏం మాట్లాడుకున్నారని నేను అమ్మను ఇంతవరకూ అడగలేదు.

వచ్చే ఆదివారం నరసరావుపేట నుంచి ఒక అమ్మాయి, వాళ్ళ నాన్నగారు కొత్తగా వస్తామన్నారు. ఆ అమ్మాయి రాత్రి మాత్రల వల్ల పొద్దున త్వరగా లేవలేనని మొహమాటపడుతూ చెప్పింది కనుక, ఈసారికి మేము తొమ్మిదిన్నరకు బదులు పదకొండు గంటలకు కూర్చుంటున్నాము.