బహ్రెయిన్: బోర్లించిన మూకుడు లాంటి దీవి

బహ్రెయిన్ అంటే అరబ్బీలో 'రెండు సముద్రాలు'. ఒకటి చుట్టూ ఉన్న ఉప్పు సముద్రం, రెండోది నేల అడుగు నుంచి పొంగే మంచినీళ్లు అని ఆ పేరుకు చెప్పే అర్థాల్లో ఒకటి. ఆ దీవుల గుట్టంతా ఆ రెండో సముద్రంలోనే ఉంది. అక్కడ ఏడాదికి 70–80 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. కరవు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. నది లేదు, చెరువు లేదు. అయినా నాలుగు వేల ఏళ్ల కిందటే అక్కడ దిల్మున్ నాగరికత వర్ధిల్లిందంటే కారణం నేల కింది రాయే.

పాత లెక్కలో ఇవి 33 దీవులు. సముద్రాన్ని పూడ్చి కొత్త నేల తయారుచేస్తూ పోవడంతో ఆ సంఖ్యకు ఇప్పుడు పెద్దగా అర్థం లేదు. మొత్తం విస్తీర్ణం సుమారు 780 చదరపు కిలోమీటర్లు, అందులో సింహభాగం ఒక్క పెద్ద దీవిదే. ముహర్రఖ్, సిత్రా దాన్ని ఆనుకుని ఉంటాయి.

పెద్ద దీవి మొత్తం ఒక రాతి గుమ్మటం. ఈయోసీన్ కాలపు (నాలుగైదు కోట్ల ఏళ్ల నాటి) సున్నపురాయి, దాని జాతిదే అయిన డోలమైట్ రాయి పొరలు కింది నుంచి ఒత్తిడికి ఉబ్బి ఉత్తర దక్షిణాలుగా సాగాయి. తర్వాత నడినెత్తి అరిగిపోయింది. మూకుడు బోర్లించి నెత్తిన గుంట చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది నేల తీరు. గుంట చుట్టూ లోపలికి తిరిగిన రాతి అంచు, మధ్యలో అరగకుండా మిగిలిన జబల్ దుఖాన్ గుట్ట. దుఖాన్ అంటే పొగ. ఉక్కపోత రోజుల్లో గుట్టను కమ్మే మసక వల్ల ఆ పేరు వచ్చిందంటారు. ఎత్తు 134 మీటర్లు, పాత పుస్తకాల్లో 122 అని కనిపిస్తుంది. గల్ఫ్‌లో అరబ్బుల వైపున మొట్టమొదట చమురు పడింది ఈ గుట్ట పాదం దగ్గరే, 1932లో. గుమ్మటం కింద చమురు పోగుపడటం భూగర్భ శాస్త్రంలో మామూలు సంగతే. నాకు దానికన్నా నీళ్లే పెద్ద విశేషం.

సౌదీ తూర్పు భాగంలో ఈ సున్నపురాయి పొరలు నేల మీదికి తేలి ఉంటాయి. వేల ఏళ్ల కిందట, వాతావరణం ఇప్పటికన్నా తడిగా ఉన్నప్పుడు, అక్కడ పడిన వాన రాతి పగుళ్లలోకి దిగి, సముద్రం అడుగుగుండా మెల్లగా తూర్పుకు నడిచింది. బహ్రెయిన్‌లో ఈ నీటిని మోసే ముఖ్యమైన పొర పేరు ఖోబార్. దాని నెత్తిన నారింజ రంగు సున్నపు బంకమట్టి మూతలా కూర్చుంది. అడుగున సొరచేప పళ్ల శిలాజాలు దొరికే షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) పొర ఉంది, ఆ పొరకు పేరే 'సొరచేప పళ్ల షేల్'. రెండింటి నడుమ ఇరుక్కున్న నీటికి పైకి లేచే ఒత్తిడి ఉంటుంది. గుమ్మటం దగ్గర పొరలు పైకి వంగడంతో, మూతలో పగులు దొరికినచోటల్లా నీరు పొంగింది. నేల మీద పొంగితే ఊట అయింది, సముద్రంలో పొంగితే ఉప్పునీళ్ల నడుమ మంచినీటి బుగ్గ అయింది. ముత్యాల కోసం మునిగేవాళ్లు తోలు తిత్తి పట్టుకుని దిగి, మూతి బుగ్గ మీద పెట్టి నింపి, బిగించి పైకి తెచ్చుకునేవాళ్లు.

మంచినీళ్లు అంటున్నాం గానీ, ఇందులో లీటరుకు రెండు గ్రాముల పైనే ఉప్పు ఉంటుంది. మన నాలుకకు కాస్త ఉప్పదనం తెలుస్తుంది. ఖర్జూరానికి మాత్రం అది లెక్కే కాదు. అందుకే ఊటలున్న ఉత్తర తీరం పొడవునా తోటలు వచ్చాయి, దక్షిణం బోసిగా మిగిలింది. 'అధారి ఊట దూరాన ఉన్నవాళ్లకు నీరిచ్చి పక్కవాళ్లను ఎండగడుతుంది' అని అక్కడ సామెత. దగ్గరి నేల మెరకగా ఉండి కాలవ నీరు ఎక్కదు, దూరాన పల్లం; సామెతకు ఆధారం అదే.

ఇప్పుడు అధారి తనంత తాను పొంగదు. సౌదీ వైపు నుంచి ఏటా వచ్చే నీరు సుమారు 11.2 కోట్ల ఘనపు మీటర్లని అంచనా. బోర్లు వేసి అంతకు చాలా ఎక్కువ తోడేశారు. ఒత్తిడి పడిపోగానే ఉప్పు మూడు దారుల్లో వచ్చింది: తూర్పున సిత్రా వైపు నుంచి సముద్రం, కింది పొరల్లోని ఉప్పునీరు బోరు లాగినకొద్దీ శంకువులా పైకి, నైరుతిన సబ్ఖా అనే ఉప్పు నేల నుంచి గాఢమైన ఉప్పు ద్రవం. ఒకసారి ఉప్పెక్కిన పొర మళ్లీ తేరుకోవడానికి మనిషి జీవితం చాలదు. 1975లో సిత్రాలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు మొదలైంది. తాగే నీరు ఇవాళ చాలావరకు అలా వచ్చేదే.

సబ్ఖా అంటే మన చౌడు నేలకు పెద్దన్న. భూగర్భ జలం ఒకటి రెండు మీటర్ల లోతులోనే ఉంటుంది, దీపం వత్తి నూనె పీల్చినట్టు మట్టి దాన్ని పైకి పీలుస్తుంది, ఎండ నీటిని లాగేసి ఉప్పును, జిప్సాన్ని వదిలేస్తుంది. పైన గట్టి పెంకు, కింద బురద. బండి నడిపేవాళ్లు పాత చక్రాల జాడ విడిచి పక్కకు పోకూడదు, వాన పడిన వారంలో అసలు దిగకూడదు. పెంకు పగిలాక యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ బండి దిగబడుతుంది.

ఇళ్లకూ ఇదే గండం. గోడ అడుగున చెమ్మ ఎక్కి, ఆరిన చోట ఉప్పు గడ్డకట్టి ప్లాస్టరును తోసేస్తుంది. సల్ఫేటు సిమెంటును తింటుంది. క్లోరైడు లోపలి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు చీలుతుంది. కంకర, ఇసుక మంచినీటితో కడిగి వాడాలి, పునాదికి నీరెక్కని పూత నేల మట్టానికి పైదాకా వేయాలి, చువ్వ మీద కాంక్రీటు మందం పెంచాలి. ఉప్పునీటితో క్యూరింగ్ చేస్తే ఇవన్నీ వృథా.

హవార్ దీవుల సంగతి వేరు. పెద్ద దీవికి ఆగ్నేయంగా, ఖతార్ తీరానికి అతి దగ్గరగా ఉంటాయి. 2001లో అంతర్జాతీయ న్యాయస్థానం వాటిని బహ్రెయిన్‌కే ఇచ్చింది. అక్కడా సున్నపురాయే గానీ ఊటలు లేవు. వెనకటికి వాన నీటి తొట్లే దిక్కు, కాబట్టి పట్టణం పుట్టలేదు. ఆ ప్రశాంతతే సొకోత్రా నీటికాకులకు కలిసొచ్చింది. వాటి అతిపెద్ద స్థావరాల్లో ఒకటి అక్కడే.

జబల్ దుఖాన్ దగ్గర ఎడారిలో ఒంటరిగా నిలిచిన 'జీవవృక్షం' మనకు పరాయిది కాదు. అది జమ్మి చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. వయసు నాలుగు వందల ఏళ్ల పైమాట అంటారు. అది నిలిచిన దిబ్బను తవ్వితే పాత కుండ పెంకులు దొరికాయి, అంటే ఒకప్పుడు అక్కడ మనుషులున్నారు. దారిలో కనిపించే సర్కారు తుమ్మను చూసి అదే అనుకునేవాళ్లున్నారు. కొమ్మ పట్టుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది: సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గరే పొడుగాటి ముళ్లుంటాయి, జమ్మికి కణుపుల మధ్య కొమ్మ పొడవునా పొట్టి ముళ్లు చెదురుగా ఉంటాయి.