స్లీవ్ ఆపరేషన్ కంటే కాటా ఎక్కడమే కష్టమైంది

లావు తగ్గడానికి జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని నిన్న డిశ్చార్జ్ అయ్యాను. ఆ వార్డు సిస్టర్ మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

టెస్టులు, ఇన్సూరెన్స్ అప్రూవల్, లిక్విడ్ డైట్ అన్నీ సాఫీగానే అయిపోయాయి. అడ్మిట్ అయిన సాయంత్రం మొదలైంది అసలు కథ. వార్డులో బరువు మిషన్ 120 కిలోల దాకానే చూపిస్తుందట. నేనెక్కితే ఎర్రర్ వచ్చింది. సిస్టర్ "పర్లేదులెండి" అంటూ ఫైల్లో 110 రాసేసింది. రాత్రి మత్తు డాక్టర్ వచ్చి ఫైలు చూసి, నన్ను చూసి, "ఇది తూచి రాశారా?" అన్నారు. కోతకి ముందు ఇచ్చే సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ మామూలుగా 2 గ్రాములు, 120 కిలోలూ ఆ పైనా ఉంటే 3 గ్రాములట. ఉజ్జాయింపు లెక్క పనికిరాదన్నారు.

ఇంకేముంది, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి కిందికి, దుప్పట్ల మూటలు తూచే కాటా దగ్గరికి తీసుకెళ్లారు. వెనక గౌను ముడి ఒక చేత్తో పట్టుకుని ఎక్కాను. "కదలకండమ్మా" అని, లాండ్రీ లెక్క రాసే కుర్రాడు 127 అని గట్టిగా చదివాడు. ట్రాలీ తోసేవాళ్లు ఆగి మరీ చూశారు. ఏడుపొక్కటే తక్కువ. లావు తగ్గిస్తామని ఊరంతా హోర్డింగులు పెట్టిన ఆసుపత్రిలో లావు మనిషిని తూచే మిషన్ లేదు! మీరెవరైనా వెళ్తుంటే ఈ సంగతి ముందే అడగండి, మొహమాటపడొద్దు.

పొద్దున క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో స్నానం, ట్రిమ్మర్‌తో వెంట్రుకలు తీయడం (బ్లేడు పెడతామంటే ఒప్పుకోకండి, చర్మం గీసుకుపోతే క్రిములకు దారి ఇచ్చినట్టే). కోతకి ముందు గంటలోపే ఐవీలో 3 గ్రాములు ఎక్కించారు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మళ్లీ ఇస్తారట, నాకు ఆ అవసరం రాలేదు.

తర్వాత డ్యూటీ డాక్టర్ ఐదు రోజుల బిళ్లలు రాస్తే సర్జన్ గారు కొట్టేశారు. అత్తయ్య ఊరుకుంటారా? "ఇన్ని లక్షలు పోశాం, యాంటీబయాటిక్ కూడా ఇవ్వరా?" అని నిలదీశారు. కోసే సమయానికి మందు ఒంట్లో ఉండాలి, కుట్లు పడ్డాక మింగితే ఒరిగేదేమీ లేదు, పైగా విరేచనాలు, మందుకు లొంగని క్రిములు తయారవుతాయి అని ఆయన ఓపిగ్గా చెప్పారు. బిళ్లల బదులు జ్వరం, గుండె దడ, భుజం నొప్పి, పెరిగే కడుపు నొప్పి కనిపెట్టుకుని ఉండమన్నారు, లోపలి కుట్టు లీకైతే ముందు తెలిసేది వాటితోనేనట.

అత్తయ్యకి మాత్రం నమ్మకం కుదరలేదు. మా వీధి ఆర్‌ఎంపీని అడిగి బిళ్లలు తెప్పిస్తానంటున్నారు. మా ఆయన్ని గుమ్మం దగ్గరే కాపలా పెట్టాను.