వ్యాక్సిన్ తర్వాత ఇంప్లాంట్ చుట్టూ నీరు చేరితే

వ్యాక్సిన్ వేయించుకున్న కొన్నాళ్లకు ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బి, స్కాన్‌లో రొమ్ములో పెట్టించుకున్న ఇంప్లాంట్ చుట్టూ నీరు కనిపిస్తే ఎవరికైనా ముందు అనుమానం వచ్చేది వ్యాక్సిన్ మీదే. అదేమీ వెర్రి అనుమానం కాదు. కోవిడ్ టీకా తర్వాత ఇలా అయిన ఒకటీ అరా కేసుల గురించి డాక్టర్లే వైద్య పత్రికల్లో రాశారు. 2020 డిసెంబరులో మోడెర్నా కోవిడ్ టీకా ట్రయల్ వివరాలు బయటికొచ్చినప్పుడు కూడా, ఫిల్లర్లు (ముఖం, పెదవులు నిండుగా కనిపించడానికి చర్మం కింద ఎక్కించే జెల్ లాంటి పదార్థం) చేయించుకున్న ముగ్గురికి టీకా తర్వాత ముఖమో పెదవో వాచిందన్న సంగతి తెలిసింది.

ఇంప్లాంట్ పెట్టాక దాని చుట్టూ శరీరం ఒక పొర కట్టుకుంటుంది. ఆ పొరలో రోగనిరోధక కణాలుంటాయి, టీకా వాటిని రెచ్చగొడితే వాపొచ్చి నీరు ఊరడం జరగొచ్చు. కానీ టీకా తర్వాత వచ్చినంత మాత్రాన టీకా వల్లే వచ్చినట్టు కాదు కదా.

నాకు అసలు టెన్షన్ ఎక్కడంటే, "టీకా వల్లేలే, అదే తగ్గిపోతుంది" అని ఊరుకోవడం దగ్గర. ఆపరేషనై ఏడాది దాటాక ఇలా నీరు చేరితే లేట్ సెరోమా అంటారు. దెబ్బ తగలడం, ఇన్ఫెక్షన్, ఇంప్లాంట్ చిట్లడం, ఇలా చాలా కారణాలుంటాయి, వాటిలో బీఐఏ-ఏఎల్‌సీఎల్ అనే అరుదైన లింఫోమా కూడా ఒకటి. ఇది రొమ్ము క్యాన్సర్ కాదు, రోగనిరోధక కణాలకు వచ్చే క్యాన్సర్. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి 2011లోనే హెచ్చరించింది, 2019 జులైలో అలర్గన్ కంపెనీ గరుకు పైపొర ఉన్న బయోసెల్ ఇంప్లాంట్లను వెనక్కి తీసుకుంది కూడా ఇందుకే. ఈ లింఫోమా మామూలుగా ఇంప్లాంట్ పెట్టిన 8-10 ఏళ్లకు బయటపడుతుంది, చాలామందిలో మొదటి లక్షణం నీరు చేరడమే! అంటే అదే సమయంలో టీకా కూడా పడితే నెపం టీకా మీదకి పోవడం ఎంత తేలికో చూడండి.

కాబట్టి అల్ట్రాసౌండ్ చేయించుకోండి. సూదితో నీరు తీస్తే అది పారబోయకుండా సైటాలజీకి (అందులోని కణాలను మైక్రోస్కోపులో చూసే పరీక్ష), ఈ లింఫోమా కణాల మీద ఉండే ప్రోటీన్‌ను వెతికే సీడీ30 పరీక్షకు పంపుతున్నారా అని నోరు తెరిచి అడగండి, మొహమాటం వద్దు. నీరు తీశాక వాపు తగ్గినా సరే రిపోర్టు వచ్చేదాకా వదలొద్దు. ఒకవేళ ఆ లింఫోమానే అని తేలినా, పొర దాటి పాకకముందే దొరికితే ఇంప్లాంట్‌నీ దాని చుట్టూ ఉన్న పొరనీ పూర్తిగా తీసేస్తే చాలామందికి నయమవుతుంది.

టీకా వేసిన వైపు చంకలో గడ్డల్లా తగలడం వేరే సంగతి, అది మామూలే, కొన్ని వారాల్లో తగ్గుతుంది. స్కాన్‌కి వెళ్లినప్పుడు మాత్రం ఏ చేతికి, ఏ తేదీన వేయించుకున్నారో చెప్పండి. ఇంప్లాంట్ కార్డు కూడా పట్టుకెళ్లండి, నున్నటిదా గరుకుదా అన్నది డాక్టరు మొదటే అడుగుతారు.