రెండు ఓడలు చెప్పిన ఒకే రాత్రి

1914 మే 29 తెల్లవారుజామున కెనడాలోని సెయింట్ లారెన్స్ నదిలో ‘ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్’ అనే ఓడ 14 నిమిషాల్లో మునిగిపోయింది. ఉన్నది 1,477 మంది, పోయింది 1,012 మంది. ఇంత పెద్ద ప్రమాదాన్ని లోకం ఇంత తొందరగా ఎలా మరిచిపోయిందో నాకిప్పటికీ మింగుడుపడదు. రెండు నెలలు తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. కారణాల్లో అదొకటి కావచ్చు.

నన్ను ఈ ఓడ దగ్గరికి తీసుకొచ్చింది దాని కెప్టెన్ హెన్రీ కెండల్. 1910లో ఆయన ‘మాంట్‌రోజ్’ నడుపుతున్నప్పుడు, లండన్‌లో భార్యను చంపి పారిపోతున్న డాక్టర్ క్రిప్పెన్‌ను ప్రయాణికుల్లో గుర్తుపట్టి వైర్‌లెస్‌లో కబురు పంపాడు. పోలీసు ఇన్‌స్పెక్టర్ డ్యూ అంతకన్నా వేగంగా వెళ్లే ఓడెక్కి, ముందే చేరుకుని, నదిలో ఓడలకు దారి చూపే పైలట్ వేషంలో వచ్చి అరెస్టు చేశాడు. ఆ అరెస్టు జరిగింది సెయింట్ లారెన్స్ ఒడ్డునున్న పాయింట్-ఓ-పేర్ దగ్గర. నాలుగేళ్ల తర్వాత అదే పాయింట్-ఓ-పేర్ దగ్గర కెండల్ తన పైలట్‌ను దించాడు. అరగంట తిరక్కుండానే ప్రమాదం జరిగింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన కనబడ్డాక ఆ మనిషిని వదిలిపెట్టలేకపోయాను.

ఓడ వివరాలు సులువుగానే దొరికాయి. స్కాట్లాండ్‌లోని గోవన్‌లో ఫెయిర్‌ఫీల్డ్ సంస్థ కట్టింది, 1906లో నీళ్లలోకి దిగింది, యజమాని కెనడియన్ పసిఫిక్. అసలు పని విచారణ సాక్ష్యాలతో మొదలైంది. టైటానిక్ విచారణ చేసిన లార్డ్ మెర్సీయే క్విబెక్ వచ్చి దీన్నీ విన్నాడు. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు... అలా పేజీలకు పేజీలు. వరసగా చదువుకుంటూ పోతే ఎవరు మాట్లాడుతుంటే వాళ్లదే నిజమనిపిస్తుంది. అందుకే కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు ఎంప్రెస్ వాళ్ల మాటలు, రెండోవైపు గుద్దిన నార్వే బొగ్గు ఓడ ‘స్టోర్‌స్టాడ్’ వాళ్ల మాటలు, జరిగిన క్రమంలో ఎదురెదురుగా రాసుకున్నాను.

అప్పుడు కళ్లకు కట్టింది దీపాల గొడవ. రాత్రిపూట ఓడకు ఎడమ పక్కన ఎర్రదీపం, కుడి పక్కన పచ్చదీపం ఉంటాయి. ఎదుటి ఓడ ఎటు తిరిగి ఉందో ఆ దీపాలను బట్టే తెలుసుకోవాలి. కెండల్ లెక్కలో రెండు ఓడలూ పచ్చకు పచ్చగా, కుడి పక్కలు ఎదురుగా దాటిపోవాలి. స్టోర్‌స్టాడ్ వాళ్లేమో తమకు ఎర్రదీపం కనబడిందనీ, ఎడమ పక్కలు ఎదురుగా దాటుతామనుకున్నామనీ చెప్పారు. సరిగ్గా ఆ సమయానికి పొగమంచు కమ్మేసింది. ఎవరికీ ఎవరూ కనబడలేదు.

కెండల్ ఇంజన్లు వెనక్కి తిప్పించాడు. ఆ సంగతి తెలియడానికి మూడు పొట్టి కూతలు, ఓడ ఆగాక రెండు పొడుగు కూతలు వేయించాడు. స్టోర్‌స్టాడ్‌లో కాపలా చూస్తున్న చీఫ్ ఆఫీసర్ టోఫ్టెనెస్ తన కెప్టెన్ ఆండర్సన్‌ను లేపడంలో ఆలస్యం చేశాడు. మంచులోనే ఓడ దారి మారింది. దాని ముక్కు ఎంప్రెస్ కుడి పక్కలోకి దూసుకెళ్లింది. మెగాఫోన్‌లో, వెనక్కి పోవద్దు, ముందుకే నెట్టి ఉంచండని అరిచానన్నాడు కెండల్. ఆ ముక్కు అక్కడే ఉంటే కన్నం కొంతైనా మూసుకుని ఉంటుందని ఆయన ఆశ. తాము ప్రయత్నించామనీ, ఎంప్రెస్ ఇంకా కదులుతూ ఉండడం వల్లే తమ ఓడ పక్కకు తిరిగిపోయిందనీ అవతలివాళ్లన్నారు. ఆ ఒక్క చోట నా కాగితం మీద గీతకు రెండువైపులా ఉన్న మాటలు ఎంతకీ కలవలేదు.

పత్రికలతో జాగ్రత్తగా ఉండాల్సి వచ్చింది. మొదటి రోజుల అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. అంకె కావాలంటే విచారణ నివేదికకే వెళ్లాను. ఓడ అంత త్వరగా ఎందుకు మునిగిందన్న ప్రశ్నకు మాత్రం బతికి బయటపడ్డవాళ్ల మాటలే ఉపయోగపడ్డాయి. నీటిమట్టానికి కాస్త పైన గుండ్రటి కిటికీలు చాలా తెరిచే ఉన్నాయి. ఓడ ఒరగగానే వాటిలోంచి కూడా నీళ్లు లోపలికొచ్చాయి. కింది గదుల్లో నిద్రపోతున్నవాళ్లలో చాలామందికి పైకి వచ్చే వ్యవధే దొరకలేదు. లండన్ మహాసభకు బయల్దేరిన సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వాళ్లలో ఎక్కువమంది పోయారు. ఓడలో ఉన్న 138 మంది పిల్లల్లో నలుగురే మిగిలారు. ఆ పేజీ చదివాక ఆ రోజుకు ఇంకేమీ చదవలేకపోయాను.

మెర్సీ విచారణ, తప్పు స్టోర్‌స్టాడ్‌దే అంది. నార్వే వాళ్లు జరుపుకున్న విచారణ తమ ఓడను నిర్దోషి అంది. ఇలాంటివి వెతికేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీకు నచ్చిన కెప్టెన్ వైపు కాగితాలతో ఆగిపోకండి. అవతలి ఓడవాళ్లకూ ఒక రాత్రి ఉంది, వాళ్ల ప్రమాణాలూ ఉన్నాయి. స్టోర్‌స్టాడ్ పడవలు ఆ చీకట్లో నీళ్లలోంచి ఎంతోమందిని పైకి లాగాయన్నది కూడా ఆ కాగితాల్లోనే ఉంది.

కెండల్ తర్వాతి బతుకు కూడా వెతికాను. యుద్ధంలో ఆయన ఉన్న ‘కాల్గేరియన్’ను 1918లో జలాంతర్గామి టార్పెడోతో ముంచేసింది, ఆయన మళ్లీ బతికాడు. స్టోర్‌స్టాడ్ అంతకు ఏడాది ముందే, 1917లో, టార్పెడోకే బలైంది. కెండల్ 1965 దాకా ఉన్నాడు. నా మటుకు నాకు, మంచులో దారి మార్చడమే ఆ రాత్రి అసలు తప్పనిపిస్తుంది. అయితే అంత విశాలమైన నదిలో కెండల్ ఆ బొగ్గు ఓడకు ఇంకాస్త దూరంగా పోయి ఉండాల్సిందన్న మాట మెర్సీ నివేదికలోనే ఉంది. ఆయనమీద నాకెంత అభిమానమున్నా, ఆ మాటను నా రాతలోంచి తీసేయలేదు.