వేసవి బ్యాచ్‌కి మేత మార్చిన నా అనుభవం

మండపేట దగ్గర మాకో బ్రాయిలర్ షెడ్డు ఉంది. మాది కంపెనీయే పిల్లల్నీ మేతనీ ఇచ్చి పెంచమనే ఇంటిగ్రేషన్ కాదు. పిల్లలు, మేత, మందులు అన్నీ మేమే కొనుక్కోవాలి. ఖర్చులో మూడింట రెండు వంతులు మేతకే పోతుంది.

చలికాలం బ్యాచ్ అమ్మాక చికెన్ షాపు ఆయన పిలిచి ఒక కోడిని కోసి చూపించాడు. కందనకాయ చుట్టూ, పొట్ట అడుగున గుప్పెడు పసుపు కొవ్వు. "బరువు తూగుతోంది గానీ, ఈ కొవ్వంతా నేనే తీసి పారేయాలండి" అన్నాడు. తూకం బాగుందని సంతోషంగా ఉన్నవాళ్లం, ఆ మాటతో ఆలోచనలో పడ్డాం.

పశువైద్యులు డాక్టర్ గారు ముందు మేత చీటీ అడిగారు. మన డెల్టాలో నూకలు చవక కాబట్టి మిల్లువాళ్లు మొక్కజొన్న తగ్గించి అవి కలిపారు, పైన నూనె పోశారు. శక్తికి లోటు లేదు. ప్రోటీన్ ఇచ్చే సోయా చెక్క ధర పెరిగేసరికి దాన్ని మాత్రం తగ్గించేశారు. ప్రోటీన్ చాలకపోతే కోడి కండ కట్టలేదు, తిన్న శక్తిలో మిగిలింది కొవ్వుగా దాచుకుంటుంది. అందుకే శక్తినీ ప్రోటీన్‌నూ విడివిడిగా కాకుండా జంటగా చూడమన్నారాయన. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 2007 ప్రమాణాల్లో ప్రీస్టార్టర్‌కు, అంటే పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టే మేతకు, కిలోకి 3000 కిలో కేలరీలు, 23 శాతం ప్రోటీన్. అమ్మే ముందు చివర్లో పెట్టే ఫినిషర్‌కు 3200, 20 శాతం. భాగిస్తే ఒక్కో శాతం ప్రోటీన్‌కు పిల్లప్పుడు 130 కిలో కేలరీలు, చివర్లో 160.

అయితే ప్రోటీన్ దండిగా పెట్టేద్దామా అంటే, ఎదురుగా వేసవి. అవసరానికి మించిన ప్రోటీన్‌ను కోడి యూరిక్ యాసిడ్‌గా మార్చి రెట్టలో వదిలేస్తుంది. ఆ పనికి శక్తి ఖర్చవుతుంది, ఒంట్లో వేడి పుడుతుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది. షెడ్డులో కింద పరిచిన ఊక తడిసి అమోనియా ఘాటు లేస్తుంది. కోడికి చెమట పట్టదు, రొప్పితేనే వేడి పోవాలి. మే నెలలో మన గోదావరి ఉక్కపోతకి ఆ రొప్పడం కూడా సరిగా పనిచేయదు. నాకు అసలు టెన్షన్ అక్కడే.

చివరికి తేలింది ఇదీ. సోయా చెక్కను మళ్లీ తగినంత కలిపించాం. ఫినిషర్‌లో మొత్తం ప్రోటీన్‌ను మాత్రం ఒక శాతం తగ్గించి, ప్రోటీన్‌లో ఉండే ముఖ్యమైన అమైనో ఆమ్లాలు మెథియోనిన్, లైసిన్, థ్రియోనిన్ విడిగా కలిపించాం. కండకి కావలసినవి అందుతాయి, కాల్చి పారేసేది తగ్గుతుంది. గింజలు కొంచెం తగ్గించి వాటి శక్తిని నూనెతో ఇచ్చాం, ఎందుకంటే కొవ్వు అరిగేటప్పుడు పుట్టే వేడి తక్కువ. మేత తెల్లారుజామున, పొద్దుగూకాక. మధ్యాహ్నం తొట్లు పైకెత్తేసి చల్లటి నీళ్లు మాత్రమే.

రోజూ ఊకను పిడికిట పట్టి చూసేవాణ్ణి. వదలగానే రాలిపోతే బాగున్నట్టు, ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువైనట్టు. ఆ బ్యాచ్ అంతా రాలుతూనే ఉంది. కోత దగ్గర కొవ్వు బాగా తగ్గింది. బరువు చలికాలమంత రాలేదు, ఆ ఎండలకి రాదు కూడా. కానీ ఎండదెబ్బకి పోయే కోళ్లు తగ్గాయి, నాకు అది చాలు.

ఇదంతా ఫినిషర్ సంగతి. ప్రీస్టార్టర్ జోలికి మాత్రం వెళ్లలేదు, వేసవైనా సరే. ఆ వయసులో పిల్లలకి ఎలాగూ బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే హీటర్) వెచ్చదనం కావాలి, ప్రోటీన్ కోస్తే ఎదుగుదల అక్కడికక్కడే దెబ్బతింటుంది.